మార్పుల ఆఫీసుకు టర్బో బిగించిన కథ

వరదలో మూడు రోజులు మునిగిన కారును వేలంలో కొనేవాడు వెర్రివాడైనా అయి ఉండాలి, మెకానిక్కైనా అయి ఉండాలి. ఆటోనగర్ మూడో క్రాసులో లారీ ఇంజన్లు విప్పి బిగించే నాగుల్ మీరా ఆ రెండూనని ఆయన భార్య పీరాంబి అభిప్రాయం. పోనీ కొన్నది మామూలు కారా అంటే, అదీ కాదు. ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే ఒళ్ళు, చేతిసంచీ పెడితే నిండిపోయే డిక్కీ.

"ఇందులో నువ్వూ నేనూ కూర్చుంటే గ్యాసుబండ ఎక్కడ పెడతావయ్యా?" అని అడిగింది పీరాంబి.

మీరా బానెట్టు ఎత్తి లోపలికి తొంగిచూశాడు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ లారీలు బాగుచేసిన మనిషికి తనదంటూ ఒక బండి ఉండాలనిపించింది. అలా అనిపించడానికి గ్యాసుబండతో నిమిత్తం లేదు.

బురద కడిగి, వైర్లన్నీ మార్చి, ఇంజను విప్పి చూశాడు. అది తనంతట తాను గాలి పీల్చుకునే రకం. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి లోపలికి వస్తే అంతే ప్రాప్తం. ఇంకాస్త కావాలంటే ఎక్కడి నుంచీ రాదు. లారీలకు టర్బోలు బిగించి అలవాటైన చేతికి అది చాలీచాలని సంసారంలాగా కనిపించింది. పదకొండు నెలలు మధ్యాహ్నం కునుకు మానేసి, పాత లారీ టర్బో ఒకటి తెచ్చి కొత్త బేరింగులు వేశాడు. పిస్టన్లు మార్చాడు, హెడ్డు గ్యాస్కెట్టు మందం పెంచాడు, టర్బోకు ఆయిలు పైపు లాగాడు, ముక్కు దగ్గర గాలి చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టాడు. మొదటిసారి ఆక్సిలేటరు తొక్కినప్పుడు బండి సన్నగా ఈల వేసి, వెనకనుంచి ఎవరో గెంటినట్టు ముందుకు దూకింది. మీరా ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు. గ్రీజు చేత్తో తుడుచుకోవడం వల్ల సాయంత్రం దాకా మండాయి.

"ఎక్కు, కాలవగట్టు దాకా పోయొద్దాం" అన్నాడు పీరాంబితో.

"కాగితాల్లేని బండి నేనెక్కను. నడిరోడ్డు మీద పోలీసాయన ఆపితే నువ్వు దిగి చేతులు కట్టుకుని నిలబడతావు. లోపల కూర్చుని నేను ఏ మొహం పెట్టుకోవాలి? ముందు కాగితం తీసుకురా. అప్పుడు ఎక్కడికంటే అక్కడికి వస్తా."

న్యాయమైన మాటే. అందువల్ల మీరా మార్పుల ఆఫీసుకు వెళ్ళాడు.

దాని అసలు పేరు యాంత్రిక వాహన పరివర్తన ధ్రువీకరణ ప్రాధికార సంస్థ. ఆ పేరు చెప్పేలోపు బస్సు దాటిపోతుందని జనం మార్పుల ఆఫీసంటారు. బండికి ఏ మార్పు చేసినా వీళ్ళ కాగితం కావాలి. దరఖాస్తు పెట్టిన తొంభయ్యో రోజు సాయంత్రం అయిదింటి లోపల కాగితం వచ్చిందా, బండి రోడ్డెక్కుతుంది. రాలేదా, తుక్కు కేంద్రం వాళ్ళు క్రేను తెచ్చి పట్టుకుపోయి నలగ్గొడతారు. కాగితం ఇవ్వాల్సిన గడువు ఆఫీసుదీ, ఇవ్వకపోతే శిక్ష బండిదీ. ఈలోగా బండి ఆఫీసు ఆవరణలోనే ఉండాలి. మీరా తన ఎర్ర కారును అక్కడ రేకుల షెడ్డులో నిలబెట్టి, బట్ట కప్పి, రోజూ వచ్చి బట్ట దులిపి వెళ్ళేవాడు.

దరఖాస్తులు చూసేది సూపరింటెండెంటు భుజంగం గారు. అరవై రోజుల్లో ఆయన పద్నాలుగు అభ్యంతరాలు లేవదీశారు.

"తొమ్మిదో గడి చూడండి. 'ఇంజను లోనికి వచ్చు గాలి యొక్క మూలము.' తమరు 'బయట' అని రాశారు. బయట అనగా ఎచట? ఏ పంచాయతీ పరిధి?"

"గాలికి పంచాయతీ ఏందండీ? బండి ఎక్కడుంటే అక్కడి గాలే గదా."

"అది తమ అభిప్రాయము. అభిప్రాయములకు ఈ నమూనాలో గడి లేదు."

అరవై ఒకటో రోజున ఆఫీసుకు కొత్త ఉపకమిషనరు వచ్చారు. పేరు త్రివిక్రమరావు. ఏదో కొండ ఊళ్ళో 'పరిపాలనలో వేగము' అనే అంశం మీద పది రోజుల శిక్షణ పూర్తి చేసుకుని, ఆ వేగం చల్లారకముందే ఛార్జి తీసుకున్నారు. కిటికీలోంచి ఎర్ర కారు కనబడింది. అదేమిటని అడిగారు. ఫైలు తెచ్చారు. ఫైలు లావుగా ఉన్నందున చదవకుండా కారే ఎక్కారు.

మీరా ఆయన్ను కాలవగట్టు మీద తిప్పాడు. టర్బో ఈల వేసింది. ఉపకమిషనరు గారి కళ్ళద్దాలు నుదుటి మీదికి పోయాయి. దిగిన తర్వాత ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఇంతలో మీరాకు కాగితం మీద ఆశ పుట్టింది.

"ఏమిటిది? ఈ శక్తి ఎక్కడిది?" అన్నారు చివరికి.

"టర్బో సార్. మామూలు ఇంజనులో మండిన పొగ ఊరికే సైలెన్సర్లోంచి పోద్ది. మనం ఆ దారిలో ఒక చక్రం పెడతాం. పొగ పోతా పోతా దాన్ని తిప్పుద్ది. అదే ఇరుసుకి ఈ కొసన ఇంకో చక్రం ఉంటది. అది బయట గాలిని లోపలికి కుక్కుద్ది. గాలి పెరిగితే మంట పెరుగుద్ది. మంట పెరిగితే బలం."

"అనగా బయటికి పోయేదే లోపలికి వచ్చేదాన్ని తోస్తుంది!"

"అంతే సార్."

"వ్యర్థమే శక్తి!"

"అనుకోవచ్చు సార్."

ఉపకమిషనరు గారు వెనక్కి తిరిగి తన ఆఫీసు వంక చూశారు. జనం ఒక తలుపులోంచి నీరసంగా లోపలికి పోతున్నారు, ఇంకో తలుపులోంచి అంతకన్నా నీరసంగా బయటికి వస్తున్నారు. ఆ చూపు మీరాకు నచ్చలేదు. హెడ్డు విప్పబోయే ముందు కొత్త మెకానిక్కు ఇంజను వంక చూసే చూపు అది.

నాలుగు రోజుల తర్వాత నోటీసు బోర్డు మీద సర్క్యులరు వెలిసింది.

"విషయము: కార్యాలయమునకు టర్బో అమర్చుట గురించి. ఇంతవరకు ఈ కార్యాలయము సహజ పద్ధతిన నడచుచున్నది. ప్రజలు తమకు తోచినప్పుడు వచ్చుట, పని అయినవారు ఊరకనే వెళ్ళిపోవుట వలన అపారమైన శక్తి వృథా అగుచున్నది. పని అయి వెళ్ళువారిలో గల సంతోషము, తొందర, ఇల్లు చేరవలెనను తపన వీటినన్నిటిని ఒడిసిపట్టి, వచ్చువారిని లోనికి నెట్టుటకు వినియోగించవలెనని నిర్ణయించడమైనది. ఇకమీదట ఒకరు బయటికి పోయినప్పుడే ఒకరు లోనికి రాగలరు. ఈ నియమము నుండి ఎవరికిని, ఏ హోదా వారికిని మినహాయింపు లేదు."

కింద ఇంకో వాక్యం ఉంది. సాంకేతిక సలహాదారుగా శ్రీ నాగుల్ మీరాను నియమించడమైనదనీ, కార్యాలయపు టర్బో సక్రమంగా పనిచేసిన పిమ్మట, అదే సూత్రంపై పనిచేయు అతని వాహనమునకు ధ్రువపత్రము మంజూరగుననీ.

"ఆఫీసుకీ నా బండికీ లంకె ఏందండీ?" అని మీరా లబోదిబోమన్నాడు.

"సూత్రమునకు లంకె" అన్నారు భుజంగం గారు.

చేసేది లేక మీరా పనిలో దిగాడు. బయటికి పోయే తలుపు దగ్గర నాలుగు రెక్కల ఇనప చక్రం ఒకటి, లోపలికి వచ్చే తలుపు దగ్గర అలాంటిదే ఇంకొకటి నిలబెట్టాడు. నేల కిందనుంచి లారీ ఇరుసు వేసి రెంటినీ కలిపాడు. బయటి చక్రం పావు చుట్టు తిరిగితే ఒక మనిషి బయటికి పోతాడు. ఆ తిరగడంతోనే లోపలి చక్రం పావు చుట్టు తిరిగి ఒక మనిషిని లోపల పడేస్తుంది. బయటి చక్రానికి తాళం. పని పూర్తయినవాడికి ఇచ్చే ఇత్తడి బిళ్ళ వేస్తేనే అది వీడుతుంది. చేసింది మీరా కాబట్టి వంక పెట్టడానికి లేదు. అంత బరువు చక్రాలూ చిటికెన వేలితో తిరిగేవి. పనితనం గురించి తర్వాత చాలామంది ఆయన్ను తిట్టారు గానీ, బాగా లేదని మాత్రం ఎవరూ అనలేదు.

ఎనభయ్యో రోజున ప్రారంభోత్సవం. ఉపకమిషనరు గారు కొబ్బరికాయ కొట్టి, పక్కనున్న అధికారుల తలుపులోంచి లోపలికి వెళ్ళి కూర్చున్నారు. తలుపు బయట దరఖాస్తుదారులు బారులు తీరారు. చక్రం కదల్లేదు. లోపలినుంచి ఎవరైనా పని పూర్తి చేసుకుని బయటికి పోవాలి. లోపల ఎవరూ లేరు. లేనివాళ్ళు ఎట్లా పోతారు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"లాగ్" అన్నారు ఉపకమిషనరు గారు గర్వంగా. "టర్బోకు మొదట్లో ఆలస్యం సహజమని సలహాదారు చెప్పే ఉన్నారు. ఆలస్యం జరుగుతున్నదంటే పరికరం సక్రమంగా ఉన్నదన్నమాట."

మధ్యాహ్నం దాకా ఆలస్యం సక్రమంగా జరిగింది. అప్పుడు అటెండరు దాలయ్య తాళం తీసి బయటి చక్రాన్ని చేత్తో తిప్పాడు. నలభై తిప్పులకు నలభైమంది లోపల పడ్డారు. వాళ్ళలో మీరా ఒకడు, చెరకురసం అచ్చమ్మ ఒకర్తి. అచ్చమ్మ తన ట్రాలీ ఆటోను చెరకురసం బండిగా మార్చుకుంది. చెరకు ఆడే మిషను బండిలో భాగమా, సరుకా అన్న ప్రశ్న మీద ఆమె ఫైలు రెండు నెలలుగా నలుగుతోంది.

చేత్తో తిప్పడం ఇంజను స్టార్టు చేయడం వంటిదనీ, ఒక్కసారే చెల్లుతుందనీ, మరల తిప్పినచో క్రమశిక్షణ చర్య తీసుకోబడుననీ దాలయ్యకు మెమో వచ్చింది.

"నానేటి సేసినాను బాబూ! తిప్పమంటే తిప్పినాను, వొద్దంటే మానీసినాను" అన్నాడు దాలయ్య.

ఇక సంతకాలు పెడితే జనం బయటపడతారు, బయటివాళ్ళు లోపల పడతారు, అంతా సాఫీ అనుకున్నాడు మీరా. ఉపకమిషనరు గారు కలం తీయలేదు. గోడకు ఒక గడియారం లాంటిది తగిలించారు. లోపల ఎంతమంది ఉన్నారో దాని ముల్లు చూపిస్తుంది. వందమంది అయితే పూర్తి ఒత్తిడి, మెకానిక్కుల భాషలో బూస్టు.

"నలభై వద్ద ఉన్నది. ఒత్తిడి రాకమునుపే సంతకం పెడితే అది సహజ సంతకమవుతుంది. మనం ఆ పద్ధతిని విడిచిపెట్టాం."

"ఒత్తిడి రావాలంటే ఇంకా జనం రావాలి గద సార్. జనం రావాలంటే వీళ్ళు పోవాలి. వీళ్ళు పోవాలంటే మీరు సంతకం పెట్టాలి" అన్నాడు మీరా. "ముందు లోపల మండాలి సార్. మండితేనే పొగ. పొగ వస్తేనే చక్రం. చల్లటి ఇంజనుకి ఎంత టర్బో పెట్టినా ఏముంటది?"

ఉపకమిషనరు గారు శ్రద్ధగా విని, 'సలహాదారు నిరాశావాది' అని డైరీలో రాసుకున్నారు.

లోపలున్నవాళ్ళను ఎవరూ బంధించలేదు. ఆ మాట చెప్పకపోతే ఆఫీసుకు అన్యాయం చేసినట్టవుతుంది. మరుగుదొడ్ల పక్కన చిన్న తలుపొకటి ఎప్పుడూ తెరిచే ఉండేది. టర్బోలో ఎక్కువైన ఒత్తిడిని బయటికి వదిలే మూత పేరున దాని మీద 'వేస్ట్ గేటు' అని రాయించారు. ఒత్తిడి భరించలేనివారు నిరభ్యంతరంగా అందులోంచి బయటికి పోవచ్చు, లోపలికి మాత్రం ఎవరూ రాకూడదు. పోయేముందు వ్యర్థాల రిజిస్టరులో పేరు రాసి సంతకం చేయాలి. చేసినవాడి పని శాశ్వతంగా ముగిసినట్టు. మళ్ళీ ఆ పని మీద ఈ జన్మలో ఆ గడప తొక్కడానికి లేదు. నెలల తరబడి తిరిగినవాళ్ళు ఆ తలుపు వంక చూసి, నిట్టూర్చి, మళ్ళీ బెంచీల మీద చేరబడేవాళ్ళు. ఇళ్ళనుంచి దుప్పట్లూ క్యారియర్లూ కిటికీ ఊచల్లోంచి వచ్చేవి.

పీరాంబి రోజూ రెండు పూటలా వచ్చేది.

"ఈ పొద్దు గోంగూర. కాగితం ఎందాకా వచ్చింది?"

"బూస్టు రావాలంట."

"పాలల్లో కలిపేది నాకు తెలుసుగానీ, ఆఫీసులో కలుపుతారని నేనెక్కడా ఇన్లేదయ్యా. ఎనభై రెండో రోజు ఇది. గుర్తుందా?"

మీరాకు గుర్తే. కిటికీలోంచి షెడ్డు కనబడుతుంది. కారు మీద కప్పిన బట్ట గాలికి ఒక పక్క తొలగింది. పోయి సర్దడానికి పది అడుగుల దూరం. ఆ పది అడుగులు వెళ్తే పదకొండు నెలలు పోతాయి. చూడలేక వీపు అటు తిప్పుకుని కూర్చునేవాడు.

రోజులు గడిచేకొద్దీ జనానికి కోపం వచ్చింది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కనుక చల్లబరిచి పంపాలని మీరా ఎప్పుడో చెప్పిన మాట ఉపకమిషనరు గారికి జ్ఞాపకం వచ్చింది. పాత రికార్డు గదిలో పెద్ద ఎయిర్ కూలరు పెట్టించి 'ఇంటర్‌కూలర్' అని బోర్డు కట్టించారు. గట్టిగా మాట్లాడినవాణ్ణి దాలయ్య "ష్ష్" అంటూ తీసుకెళ్ళి దాని ముందు కూర్చోబెట్టేవాడు. 'నేను చల్లబడితిని' అని రాసిచ్చేదాకా కూలరు ఆగదు. అచ్చమ్మ మూడుసార్లు కూర్చుంది.

"చల్లబడ్డం కాదు, జలుబు చేసింది. ఆ ముక్క రాసిస్తాను, తీసుకో" అంది మూడోసారి.

ఎనభై ఏడో రోజు సాంకేతిక సమీక్షా సమావేశం జరిగింది. బూస్టు ఎందుకు రావడం లేదో చెప్పమని మీరాను నిలబెట్టారు. ఇంజను చల్లగా ఉందని చెబితే నిరాశావాది అన్నారు. ఏం చెప్పాలో తోచక, షాపులో రోజూ అనే మాట అనేశాడు.

"ఎక్కడో లీకుంటది సార్."

ఉపకమిషనరు గారి ముఖం వెలిగింది. లీకు! అధికారులు, సిబ్బంది వచ్చే పక్క తలుపు! రోజూ పాతికమంది చక్రం తిప్పకుండా వస్తున్నారు, పోతున్నారు. శక్తి అంతా కారిపోతున్నది అక్కడే. ఆ తలుపును ఇటుకలతో మూసివేయవలెనని అప్పటికప్పుడు ఉత్తర్వు అయింది. మరి సిబ్బంది ఎట్లా రావాలి? వెనక మేడ కిటికీకి నిచ్చెన మంజూరైంది. సిబ్బంది ఇంజను భాగాలే తప్ప గాలి కాదు కనుక వారికి గాలి నియమం వర్తించదని భుజంగం గారు నోటు పెట్టారు. అయితే నిచ్చెన నాన్‌గెజిటెడ్ సిబ్బందికి మాత్రమే. గెజిటెడ్ హోదా గలవారు నిచ్చెన ఎక్కుట ఏ నియమావళిలోనూ లేదు. కాగితాలు కూడా నిచ్చెన మీద దిగరాదు. బయటికి పోయే ప్రతి కాగితమూ చక్రం తిప్పి మరీ పోవాలి.

ఆ ఆఫీసు మొత్తానికి గెజిటెడ్ అధికారి ఒక్కరే. ఆ సంగతి అప్పుడెవరికీ తట్టలేదు.

మర్నాడే రాజధానినుంచి శుభవార్త వచ్చింది. గడచిన వారంలో ఈ కార్యాలయానికి ఒక్క కొత్త దరఖాస్తూ రాలేదు, ఒక్క ఫిర్యాదూ రాలేదు. రాష్ట్రంలో మరే కార్యాలయమూ ఇంత ప్రశాంతంగా లేదు. ఉత్తమ కార్యాలయ పురస్కారం. ఉపకమిషనరు గారు కొత్త సూటు తొడిగి పక్క తలుపులోంచి బయటికి అడుగు పెట్టి, తాపీమేస్త్రీ వైపు తిరిగారు.

"నేనే చివరి లీకును. నేను పోగానే మూసెయ్యండి."

మేస్త్రీ మూసేశాడు.

తొంభయ్యో రోజు మధ్యాహ్నం మూడింటికి తుక్కు కేంద్రం క్రేను వచ్చింది. డ్రైవరు కారు మీది బట్ట తీసి మడిచి పక్కన పెట్టాడు, ముందు చక్రాలకు పట్టీలు చుట్టాడు, అయిదయ్యేదాకా నీడలో కూర్చుని బీడీ వెలిగించాడు. అతని మీద కోపగించుకోవడానికి లేదు; నెమ్మదిగల మనిషి. రంగు గీసుకోకుండా పట్టీ కింద గోనె కూడా పెట్టాడు. ఆ గోనె చూసేసరికి మీరాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంకాసేపట్లో నలగ్గొట్టే బండికి గీత పడకూడదని చూస్తున్నాడు!

పీరాంబి కిటికీ దగ్గరే నిలబడింది. ఆ పూట క్యారియరు తేలేదు.

"చిన్న తలుపులోంచి వచ్చెయ్యయ్యా. బండి పోతే పోయింది. పది రోజులాయె, మనిషివి సగమయ్యావు."

"ఇంకా రెండు గంటలుంది" అన్నాడు మీరా.

అప్పుడు వచ్చారు ఉపకమిషనరు గారు. భుజాన శాలువా, ఒక చేతిలో జ్ఞాపిక, మెడలో ఇంకా వాడని దండ. పక్క తలుపు దగ్గరికి పోయారు. ఇటుకలు. చక్రం దగ్గరికి వచ్చి తోశారు. మీరా చేసిన చక్రం. ఎవరూ బయటికి రాకుండా అది తిరగదు.

"భుజంగం గారూ! తెరిపించండి!"

భుజంగం గారు కిటికీ దగ్గరికి వచ్చి వినయంగా చేతులు కట్టుకున్నారు. "మనవి. ఒకరు బయటికి పోయినప్పుడే ఒకరు లోనికి రాగలరని తమ సర్క్యులరు. ఏ హోదా వారికిని మినహాయింపు లేదని దాని తరువాతి వాక్యము."

"దాలయ్యా, నువ్వు తిప్పు!"

"మెమో ఉంది బాబూ" అన్నాడు దాలయ్య, జేబులోంచి తీసి చూపిస్తూ.

"నిచ్చెన?"

"నాన్‌గెజిటెడ్ వారికి" అన్నారు భుజంగం గారు. "తమరు కోరినచో హోదా తగ్గించుకొనుటకు దరఖాస్తు నమూనా ఇవ్వగలను. అది కూడ లోపలనే ఇవ్వబడును."

ఉపకమిషనరు గారు చెమట తుడుచుకోవడానికి శాలువా వాడారు. అచ్చమ్మ బెంచీ మీదనుంచి లేచి వచ్చింది.

"అయ్యా, తమరు లోపలికి రావాలంటే మాలో ఒకళ్ళం బయటికి పోవాలి. మేం పోవాలంటే తమ సంతకం గావాలి. తమరేమో బయటుండిరి, ఫైళ్ళేమో లోపలుండె. ఇదేం చోద్యమయ్యా!"

అన్నిటికన్నా పైన ఉన్న ఫైలు మీరాది. గడువు దగ్గరపడిన వరసలో భుజంగం గారు పేర్చి ఉంచారు. ఆయన క్రమశిక్షణ అటువంటిది.

"ఫైలు ఇటివ్వండి, ఇక్కడే సంతకం పెడతాను" అన్నారు ఉపకమిషనరు గారు.

"ఫైలు కిటికీ దాటినచో లీకు."

అందరూ చూస్తుండగా నాలుగున్నర కొట్టింది. క్రేను డ్రైవరు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. మీరాకు ఏదో తట్టింది. ఇరుకు చోట నట్టు బిగించాల్సి వస్తే మెకానిక్కు ఇంజనును బయటికి లాగడు. తన చేయి లోపలికి పెడతాడు.

"సార్, ఫైలు బయటికి రాకూడదు. మీరు లోపలికి రాకూడదు. చెయ్యి ఒక్కటి రావచ్చా?"

భుజంగం గారు సర్క్యులరు తీసి ఆసాంతం చదివారు. మనుషుల గురించి ఉంది, కాగితాల గురించి ఉంది. చేతుల గురించి లేదు.

ఉపకమిషనరు గారు జ్ఞాపిక కింద పెట్టి, కోటు చేయి పైకి మడిచి, భుజం దాకా ఊచల్లోకి దూర్చారు. దాలయ్య ఆ చేతికి కలం అందించాడు. మీరా ఫైలు పట్టుకున్నాడు. భుజంగం గారు సంతకం పెట్టాల్సిన చోట ఆ చేతిని ఆనించి, "ఇచట" అన్నారు. చేయి సంతకం పెట్టింది. ఇత్తడి బిళ్ళ మీరా అరచేతిలో పడింది.

నాలుగూ నలభై ఎనిమిదికి మీరా బిళ్ళ వేసి బయటి చక్రం తోశాడు. అది చిటికెన వేలికి తిరిగినట్టు తిరిగింది. ఈ చక్రం మీరాను బయట పెట్టింది, ఆ చక్రం ఉపకమిషనరు గారిని శాలువాతో సహా లోపల పడేసింది. ఆ ఆఫీసుకు బిగించిన టర్బో కట్టిన నాటినుంచి సక్రమంగా పనిచేసింది అదే మొదటిసారి.

క్రేను డ్రైవరు కాగితం చదివి, పట్టీలు విప్పి, గోనె దులిపి తీసుకుని, "మంచి బండి" అని వెళ్ళిపోయాడు. మీరా కారు తలుపు తీశాడు. పీరాంబి ధ్రువపత్రం తన చేతిలోకి తీసుకుంది, ముద్ర ఉందో లేదో చూసింది, నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది. అప్పుడు కూర్చుంది. కాలవగట్టు మీద మీరా ఆక్సిలేటరు తొక్కాడు. సన్నటి ఈల. వెనకనుంచి గెంటినట్టు దూకగానే పీరాంబి "యా అల్లా!" అని డ్యాష్‌బోర్డు పట్టుకుంది. కాసేపటికి చేతులు వదిలింది.

"ఇంకా తొక్కవయ్యా" అంది.

ఇక్కడ ఆఫీసులో సాయంత్రమైంది. ఉపకమిషనరు గారు ఇంటికి పోదామని లేచి, బిళ్ళ ఇమ్మని అడిగారు.

"పని పూర్తయినవారికే బిళ్ళ" అన్నారు భుజంగం గారు.

"అయితే తమరి పనేందయ్యా?" అని అడిగింది అచ్చమ్మ. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే.

భుజంగం గారు పెద్ద రిజిస్టరు తెచ్చి మొదటినుంచి చివరిదాకా వెతికారు. సూపరింటెండెంటు పని రాసి ఉంది. గుమాస్తాలది ఉంది. దాలయ్యది పదకొండు అంశాలతో ఉంది. "తమరికి పని నమోదు కాలేదు. కావున పూర్తగు ప్రశ్న ఉత్పన్నము కాదు" అన్నారు విచారంగా. వేస్ట్ గేటు తెరిచే ఉంది. ఉపకమిషనరు గారు దాని దాకా వెళ్ళి, వ్యర్థాల రిజిస్టరు మొదటి పేజీలో మొదటి గీత ఖాళీగా ఉండడం చూసి, ఉత్తమ కార్యాలయ పురస్కారం గుర్తొచ్చి వెనక్కి వచ్చారు.

తోచక ఆయన ఫైళ్ళు చూడడం మొదలుపెట్టారు. చూస్తే సంతకాలు అయ్యాయి, సంతకాలైతే జనం కదిలారు. నాలుగో రోజున అచ్చమ్మ బయటపడి తన చెరకురసం బండిని తెచ్చి సరిగ్గా ఆయన కిటికీ కింద పెట్టింది. రోజూ పదకొండింటికి ఊచల్లోంచి ఒక చేయి బయటికి వస్తుంది. ఆమె అందులో గ్లాసు పెడుతుంది. "అల్లం వేశానండయ్యా, జలుబుకి మంచిది" అంటుంది.

మీరా ధ్రువపత్రం మీది సంతకం చెల్లదని ఉపకమిషనరు గారికి తర్వాత తోచింది. చేయి కార్యాలయంలో ఉన్నా, బుద్ధి రోడ్డు మీద ఉన్నది కదా. వెంటనే రద్దు ఉత్తర్వు రాశారు. అయితే కాగితం చక్రం గుండానే పోవాలి, పని పూర్తయినవారి చేతిమీదుగానే పోవాలి. పని పూర్తయి ఇంటికి పోయేవాడెవడూ ఇంకొకడి కొంప ముంచే కాగితం మోసుకుపోవడానికి ఒప్పుకోవడం లేదు. ఉత్తర్వు లోపలే ఉంది.

ఆదివారాలు మీరా, పీరాంబి ఆ వీధిలోంచే షికారుకు పోతారు. టర్బో ఈల వినబడగానే కిటికీలోంచి ఒక చేయి వస్తుంది. అందులో ఆ రద్దు కాగితం ఉంటుంది. అది పూర్తిగా ఊచలు దాటిపోకుండా ఆదివారమైనా నిచ్చెనెక్కి వచ్చిన భుజంగం గారు వెనకనుంచి కొస పట్టుకుని ఉంటారు. ఆ చేయి ఆగమంటోందో, పోయిరమ్మంటోందో దూరానికి తెలియదు. పీరాంబి మాత్రం పెద్దమనిషి అంతగా చెయ్యి ఊపుతుంటే ఊరుకోవడం మర్యాద కాదని, తనూ ఊపుతుంది.